చెల్లెలి గొంతు వెనక చప్పుడు

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. ఎవరి కోసం ప్రార్థించాలో ఆ మనిషి దూరాన ఉంటే, ముందుగా వాళ్ల గొంతు వినిపిస్తారు. పేరు చదివి ప్రార్థిస్తే పేరు కోసం చేసినట్టు ఉంటుందని, గొంతు వింటే మనిషి కోసం చేస్తామని మా పాస్టరుగారి నమ్మకం. దవాఖానాలో పడుకున్నవాళ్లు, దుబాయిలో ఉన్నవాళ్లు, చర్లపల్లి జైల్లో మొగుడున్న ఒకావిడ, అందరూ ఫోనులో నాలుగు మాటలు చెప్పి పంపుతారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అవి పెద్ద బాక్సుల్లో మోగుతాయి. నాచారంలో ఒక టైర్ల దుకాణం పైన మా హాలు. రేకుల కప్పు. కింద గాలి కొట్టే మిషను ఆగితేనే పైన గొంతులు సరిగా వినపడతాయి.

నా చెల్లెలి గొంతు ఆ హాల్లో చాలాకాలంగా వినిపిస్తోంది. ఆమె ఇజ్రాయెల్‌లో, ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో, నడవలేని ముసలావిడను చూసుకునే పనిలో ఉంది. యుద్ధం రాకముందు ఆ గొంతు మాకు పండుగ. వాక్యంలో చదివిన సరస్సు పక్కనుంచి బస్సులో పోతున్నానని ఆమె చెబితే హాలంతా స్తోత్రం అనేది. నాతోనే ఉండే మా అమ్మ ముందు వరుసలో కూర్చుని కొంగు సర్దుకునేది. ఆ నేల మీద తన బిడ్డ నడుస్తోందని ఆమెకు గర్వం. గర్వమని అనకూడదు కనుక కృతజ్ఞత అనేది.

తర్వాత యుద్ధం వచ్చింది. ఒక శుక్రవారం బాక్సుల్లో చెల్లెలి మాట సగంలో ఆగిపోయింది. వెనక, దూరంగా, ఎవరో బరువైన తలుపు వేసినట్టు ఒక శబ్దం. మళ్లీ ఒకటి. అలమరలో గిన్నెలు కదిలినట్టు చిన్న గలగల. ఆమె ఊపిరి. ఆ తర్వాత, ఏం లేదు, మెట్ల కిందికి పోతున్నాం అని గొంతు. రాకెట్లంటే ఇంతేనా అన్నట్టు వెనక వరుసలో ఒకరిద్దరు ముఖాలు చూసుకున్నారు. కానీ ఆగిన మాట అందరికీ అందింది. ఆ రోజు జరిగినంత ప్రార్థన ఆ హాల్లో నేనెన్నడూ చూడలేదు.

యుద్ధం ఆగలేదు. మనుషులు మాత్రం అలిసిపోతారు. వారాలు గడిచేకొద్దీ చెల్లెలి సందేశాలు మామూలుగా రావడం మొదలైంది. ఏం వండింది, ముసలావిడ ఏం తిన్నది, చలి ఎలా ఉంది. వాటిని విని మా వాళ్లు కళ్లు మూసుకునేవారు గానీ, మధ్యలో ఎవరో ఫోను తీసి చూసుకునేవారు. నాకు కోపం వచ్చేది. వాళ్లను ఏమనగలను? నేను కూడా పక్షవాతం వచ్చిన ఒక అన్న కోసం చేసే ప్రార్థనలో పప్పు నానబెట్టానా లేదా అని ఆలోచించిన దాన్నే.

బాక్సులు చూసుకునే తమ్ముడు ఇదంతా నాకంటే ముందే గమనించాడు. మాకు చుట్టం కాదు, సంఘంలో తమ్ముడు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో పని. పెళ్లిళ్లకు బాక్సులు అద్దెకిస్తాడు, సంఘానికి మాత్రం ఊరికే పెడతాడు. ఫోను మైకు ఆ చప్పుడును సరిగా పట్టడం లేదని, ఈసారి కిటికీ తెరిచి రికార్డు చేయమని చెల్లెలికి చెప్పమన్నాడు. చెప్పాను. చెల్లెలు నవ్వింది.

"సప్పుడొచ్చినప్పుడు కిటికీ కాడ నిలవడ్డోళ్లు మల్ల మెసేజ్ పంపరని చెప్పు అక్కా మీ తమ్మునికి."

ఆ మాట చేరవేస్తే తమ్ముడు కూడా నవ్వాడు, తల గోక్కున్నాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

తర్వాతి శుక్రవారం చెల్లెలు పంపిన సందేశాన్ని నేను ఇంట్లో రెండుసార్లు విని తమ్ముడికి పంపాను. టమాట పచ్చడి చేశానని, ముసలావిడ కళ్లలో నీళ్లు కారుతున్నా ఇంకొంచెం వేయమందని, ఆమె మోకాళ్ల కోసం ప్రార్థించమని, అంతే ఉంది అందులో. వెనక చెంచా చప్పుడు తప్ప ఏమీ లేదు.

హాల్లో అది వేరేగా వచ్చింది. చెల్లెలు వందనాలు చెబుతుండగానే వెనకనుంచి ఒక బుస లేచింది. ఎవరో కొత్త గోనెసంచిని ఒక్క ఊపున చింపినట్టు. అది చినిగిపోకముందే ఇంకొకటి, దాని మీద ఇంకొకటి, ఒకదాన్నొకటి తరుముకుంటూ. చివరకు చినుగుళ్లన్నీ కలిసి ఒకటే కేక అయింది. బాక్సులు వణికాయి. రేకులు వణికాయి. ఆ కేక కింద నా చెల్లెలు ప్రశాంతంగా టమాట పచ్చడి గురించి చెబుతోంది. కింద టైర్ల దుకాణం ఆయన ఏ ట్యూబు పేలిందోనని మెట్లెక్కి వచ్చి, మేమందరం మోకాళ్ల మీద ఉండడం చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

తమ్ముడే కలిపాడని నాకు వెంటనే తెలిసింది. లేచి చెబుదామనుకున్నాను. కానీ అప్పటికే మా అమ్మ నిలబడింది. రెండు చేతులూ పైకెత్తింది.

"ప్రభువా, నా బిడ్డ వచ్చి నా గడప తొక్కేదాక నేను ముద్ద ముట్ట."

హాలంతా ఆమేన్ అన్నది.

మా అమ్మకు చక్కెర జబ్బు. పొద్దున మాత్ర వేసుకుని ఆలస్యంగా తింటేనే చెమటలు పట్టి చేతులు వణుకుతాయి. చెల్లెలు ఇప్పట్లో వచ్చేది లేదు. మొక్కుబడి అంటే మా దగ్గర ఆటమాట కాదు. యుద్ధానికి పోతూ తొందరపడి మొక్కుకుని, తిరిగొచ్చాక కన్నకూతురినే పోగొట్టుకున్న నాయకుడి కథ నేను సండే స్కూల్లో ఏటా పిల్లలకు చెబుతాను. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, తప్పుగా మొక్కుకున్నానని దేవునితో చెప్పేస్తే అయిపోయేది కదా అని. నేను పాట ఎత్తుకుంటాను.

ప్రార్థన అయ్యాక తమ్ముడిని మెట్ల దగ్గర పట్టుకున్నాను. దాచలేదు. అందరి మనసులు రాయిలా అవుతున్నాయని, కాస్త కదిలిద్దామని నెట్లో వెతికి కలిపానని చెప్పాడు. పైగా, నా ముఖం చూసి, ధైర్యం చెబుతున్నట్టు అన్నాడు:

"సిన్మాల సప్పుడు కాదక్కా. నిజమైన యుద్ధంల తీసిన ఒరిజినల్ అని కింద రాసి ఉన్నది."

ఏ యుద్ధం అంటే తెలియదన్నాడు. అమ్మ మొక్కుబడి సంగతి, ఆమె జబ్బు సంగతి చెప్పేసరికి మళ్లీ హాలు వైపు తిరిగాడు. అమ్మ కాళ్లు పట్టుకుంటానన్నాడు. ఆగమన్నాను. ముందు ఇంట్లో నేనే చెబితే అయిపోతుందనుకున్నాను.

అవలేదు. ఫోనులో ఉన్న సందేశం అమ్మకు వినిపించాను. చెంచా చప్పుడు, పచ్చడి, మోకాళ్లు. అమ్మ మొత్తం విని ఫోను నా చేతిలో పెట్టింది. నేను ఫికరు చేస్తానని అక్కాచెల్లెళ్లు కలిసి చప్పుడు తీసేయించారు అంది. కలిపే విద్య ఉన్నవాళ్లకు తీసే విద్య ఉండదా అని అడిగింది. నీళ్లు తాగి గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు సాయంత్రం చెల్లెలు వీడియోలో మాట్లాడింది. అమ్మ ఆమెను కళ్లారా చూసి కూడా, చప్పుడు ఇప్పుడు ఆగినట్టుంది, నువ్వు ఫోను పెట్టగానే మళ్లీ వస్తుంది అంది. వచ్చేయమంది. చెల్లెలు కెమెరా పక్కకు తిప్పి, కుర్చీలో కునుకుతున్న ముసలావిడను చూపించింది. నేనొస్తే ఈమెను మెట్ల కిందికి ఎవరు దించుతారు అని అడిగింది. అమ్మ లేచి పోయింది.

నేను ఫోను తీసుకుని బయటికొచ్చాను. ఉప్పల్ రోడ్డు మీద లారీలు. ఆ బండ్ల మోతలో నిలబడి, బాక్సుల్లో విన్న చప్పుడును చెల్లెలికి వర్ణించాను. గోనెసంచి, చినుగుళ్లు, తరుముకోవడం. ఆమె ఇంకోసారి చెప్పమంది.

"అది పోయేది అక్కా," అంది చివరికి. "పోయేటప్పుడే గట్ల చింపుకుంట పోతది. వచ్చేది చెవుల కంటే ముందు నోట్ల పండ్లల్ల తెలుస్తది. గంతసేపు వినేదుండదు."

పోయేది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మా హాలంతా మోకాళ్ల మీద పడి, రేకులు అదిరేలా ఆమేన్ అన్నది, ఎక్కడినుంచో ఎవరి మీదకో పోతున్న చప్పుడుకు. మా అమ్మ దాని మీద మొక్కుబడి కట్టింది.

ఆదివారం అమ్మను ఆటోలో తీసుకుపోవలసి వచ్చింది. మెట్లెక్కుతుంటే ఆమె చెయ్యి నా చేతిలో చల్లగా, తడిగా ఉంది. పాస్టరుగారికి ముందే చెప్పాం. ఆరాధన మొదలుకాకముందే తమ్ముడు లేచి జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు గానీ ఆపలేదు. తర్వాత గొంతులు కలిపే మిక్సరును అమ్మ ఎదురుగా బల్ల మీద పెట్టి, ఆమె చూస్తుండగా శుక్రవారం నాటి సందేశం మోగించాడు. ఒక గుండీ పైకి జరిపితే రాకెట్లు. కిందికి జరిపితే లేవు. చెల్లెలి గొంతు మారలేదు. ఇంకొంచెం వేయమంది అన్న మాట దగ్గర ఆమె నవ్వింది. శుక్రవారం ఆ నవ్వు మాకెవరికీ వినపడలేదు.

అమ్మ తన వేలితో తానే ఆ గుండీని ఒకసారి పైకి, ఒకసారి కిందికి జరిపింది.

అబద్ధం విని చేసిన మొక్కుబడికి దేవుడు పట్టు పట్టడని పాస్టరుగారు మెల్లగా చెప్పారు. గంజి తాగమన్నారు. అమ్మ తల ఊపింది, ఒప్పుకున్నట్టు కాదు.

"సప్పుడు అబద్ధమైతే అయ్యింది అయ్యగారూ. నేనన్న మాట అబద్ధం గాదు గద. దేవుడు నా మాట విన్నడు."

చెల్లెలున్న చోటు ప్రమాదం కూడా అబద్ధం కాదు. అప్పుడు తమ్ముడే ముందుకొచ్చాడు. మా దగ్గర గొలుసు ఉపవాసం అని ఉంది. ఒకరి ఉపవాసాన్ని పదిమంది వంతులేసుకుని, ఒకరు విడిచేలోపు ఇంకొకరు అందుకుని, తెగకుండా నడిపిస్తారు. అమ్మ మొక్కుబడి అలాగే ఉంటుంది, ముద్ద ముట్టకుండా ఉండేది మేముంటాం, మొదటి వంతు నాది అన్నాడు. చేతులు లేచాయి. తలుపు దగ్గర టైర్ల దుకాణం ఆయన నిలబడి ఉన్నాడు. ఆదివారం కూడా ఏం పేలుతుందోనని వచ్చినట్టున్నాడు.

"శనివారం నేను ఎట్లనూ ఒక్కపొద్దు ఉంట. శనివారం నా కాతాల ఏస్కోండ్రి," అన్నాడు.

మేము పాస్టరుగారి ముఖం చూశాం. ఆయన నవ్వి ఊరుకున్నారు.

గంజి గ్లాసు అమ్మ చేతిలో పెట్టాను. తాగలేదు. తమ్ముడిని దగ్గరికి పిలిచింది. గొలుసులో ఉన్నవాళ్లు నా బిడ్డ ఒక్కదాని కోసమే చేయొద్దు అంది. ఆ చప్పుడు ఎక్కడ పడ్డదో అక్కడివాళ్ల కోసం కూడా చేయాలి అంది.

"గది ఏడ వడ్డదో నాకు తెల్వదమ్మా," అన్నాడు తమ్ముడు.

"నీకు తెల్వకపోతే ఆయనకు తెల్వదా," అని గ్లాసు ఎత్తింది.

వెనక వరుసలో ఒకాయన ఆ మాట నచ్చక లేచి పోయాడు. తర్వాత రెండు వారాలు రాలేదు. ఇప్పుడు వస్తున్నాడు, గొలుసులో మాత్రం చేరలేదు.

గొలుసు ఇంకా నడుస్తోంది. చెల్లెలు రాలేదు. ముసలావిడను దించే మనిషి దొరికితే వస్తానంటుంది, దొరికినట్టు చెప్పదు. ఈరోజు నా వంతు. పొద్దున్నుంచి ఉత్త మంచినీళ్లే. వాక్యం తెరిస్తే అక్షరాలు నిలవడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇంతలో ఉప్పల్ స్టేడియం వైపు బుస్సుమని లేచింది. ఒకటి, దాని వెనక ఇంకొకటి. మ్యాచ్ ఎవరో గెలిచినట్టున్నారు. వంటింట్లో అమ్మ పళ్లెం చప్పుడు ఆగింది.

"పోయేదా, వచ్చేదా?" అని అక్కడినుంచే అడిగింది.

పటాకులమ్మా, తిను అన్నాను. పళ్లెం చప్పుడు వెంటనే మొదలు కాలేదు. నేను ఫోను తిప్పి చూశాను. చెల్లెలి సందేశం ఇంకా రాలేదు.