మా అక్క పంజాకు విమానం ట్యాగు

వరంగల్ పట్టణ ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, నా ఎడమకాలి కొత్త చెప్పు విమానంలో ఢిల్లీ దాకా ప్రయాణించి, ఎటువంటి అవాంతరమూ లేకుండా మా కొత్తవాడకు తిరిగి చేరుకున్నది. కుడికాలి చెప్పు కూడా క్షేమం. సన్మానం చేయదలచినవారు పూలదండలు మాత్రమే తేవాలని మనవి. ఎంత లేదన్నా ఈ కథలో సగం తప్పు ఆ చెప్పులదే.

నేను టెంటు సామాన్లు కిరాయికిచ్చే మనిషిని. బడి ఏడో తరగతిలోనే నన్ను వదిలించుకుంది. మా అక్క సరోజన మాత్రం అట్లా కాదు, మా గల్లీలో ఆమె నేసినంత బిగువుగా జంపఖానా నేసేవాళ్లు లేరు. ఢిల్లీలో జరిగే చేనేత మేళాకు ఆమెను పిలిచారు. మొదటిరోజు సాయంత్రం అయిదింటికి, మేళా తెరిచే వేళకు, అందరి ముందూ కూర్చుని నేయాలి. మగ్గం వాళ్లదే, ఆమెకూ తోడు వెళ్లే నాకూ విమానం టికెట్లు కూడా వాళ్లవే. పంజా మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. పంజా అంటే పిల్లి గోళ్లలాగా వంపు తిరిగిన పళ్లున్న ఇనుప పనిముట్టు. అడ్డంగా వేసిన దారాన్ని, అంటే పేకను, దానితో కొట్టి బిగిస్తారు. ఆ వేళకు నేయలేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామని ముందే చెప్పారు. మా గల్లీ నుంచి ఇట్లాంటి పిలుపు అందుకున్నది ఆమె ఒక్కతే.

ప్రయాణానికి ముందు రోజంతా నేను అక్కకు విమానం గురించి పాఠాలు చెప్పాను. విమానం కాజీపేటలో నీళ్లు పట్టుకోవడానికి ఆగుతుందన్నాను. కిటికీ తీస్తే మబ్బు లోపలికొచ్చి చీర తడుస్తుందన్నాను. చివరికి, టికెట్ కాగితం మీద చదివి, "అక్కా, చేతిసంచిల ఇనుము పెట్టుకుంటే ఆపుతరు, పంజా సూట్‌కేస్ల పెట్టు" అని కూడా చెప్పాను. అన్నిటికన్నా దీనికే ఎక్కువ నవ్వింది.

తెల్లవారి అయిదింటికి కారు బయల్దేరింది. బస్సులో పోయేవాళ్లు హనుమకొండలో ఎక్కి ఉప్పల్‌లో దిగి, అక్కడ ఎయిర్‌పోర్టు బస్సు పట్టుకోవచ్చు. ఖర్చు కారులో పావువంతు కూడా కాదు. సామాను ఉందని మేము నాలుగు వేలకు కారు మాట్లాడుకున్నాం. డ్రైవర్ యాకయ్యది మరిపెడ. మడికొండ దాటి, జనగామలో ఇడ్లీ తిని, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కాం.

"అన్నా, నేను మరిపెడ నుంచి వచ్చేటప్పుడు దినాం మామునూరు మీదికెళ్లే వస్త," అన్నాడు యాకయ్య. "నిజాం నాటి విమానాల జాగ అది. మళ్ల షురూ అయితదంటాండ్రు. అయితే గింత దూరం ఎందుకు, ఇంట్ల చాయ్ తాగి పోవచ్చు."

"అయితే నీ గిరాకీ పోదారా?"

"పోతే పోనీ అన్నా. ఊరికి విమానం వస్తే నేను మామునూరు కాడ్నే కారు పెట్కుంట."

తొమ్మిదిన్నరకు శంషాబాద్ చేరాం. విమానం పదకొండున్నరకు. లోపల పెద్ద బోర్డు మీద విమానాలు పోయే ఊర్ల పేర్లు చదవడం మొదలుపెట్టాను. కడప, రాజమండ్రి, నాగ్‌పూర్, పాట్నా, గువాహటి, అన్నీ మన బస్టాండులో పరకాల, నర్సంపేట అని రాసినట్టే రాసి ఉన్నాయి. పాట్నా వరుసలో తాపీ మేస్త్రీలు చద్దర్ల మూటలతో నిలబడ్డారు. రెండు రోజుల రైలు ప్రయాణాన్ని మధ్యాహ్నం భోజనం వేళకు ముగించుకుంటున్నారు. విమానం సూట్లు వేసుకున్నవాళ్లదని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఈ దేశం మనకు కూడా ఒక సీటు అట్టిపెట్టిందని ఆ వరుస చూశాక తెలిసింది.

సూట్‌కేసు కౌంటర్‌లో ఇచ్చి తనిఖీ దగ్గరికి వెళ్లాం. అక్క చేతిసంచి యంత్రంలోకి పోయింది, పక్కకు వచ్చింది. యూనిఫాం వేసుకున్న ఆడ అధికారి సంచి తెరిపించింది. పసుపు గుడ్డలో చుట్టి, బొట్టు పెట్టిన పంజా.

"ఇదేం పనే అక్కా, సూట్‌కేస్ల పెట్టమన్న గదా!"

"నీ చెప్పులున్నయి గదరా అండ్ల! అన్నం పెట్టే పంజాను చెప్పుల పక్కకు పెడ్తరా? అయినా నీ నోట్ల ఒక్క నిజమన్న ఉంటదని నాకేం ఎరుక?"

అధికారి హిందీలో అది ఇవ్వమని చెయ్యి చాపింది. అక్క ఇవ్వలేదు. "చేతికియ్యొద్దు బిడ్డా, ఇనుము చేతికిస్తే కొట్లాటయితది. కింద పెడ్త, తీస్కో," అని ట్రేలో పెట్టింది. మా ఇంట్లో అది పద్ధతి. నా వచ్చీరాని హిందీలో చెప్పాను. ఆమె నవ్వి, పంజాను బొట్టు చెరగకుండా అటూ ఇటూ తిప్పి చూసి, ఒక సలాం కొట్టి, ఇది చేతిసంచిలో కుదరదు, వెనక్కి వెళ్లి సామానులో వేయండి, ఇంకా టైముంది అంది.

వెనక్కి ఉరుకుతుంటే అక్క కళ్లలో నీళ్లు. "కౌంటర్ బందయితే ఎట్లరా? దీన్ని ఈడ్నే ఇడ్సిపెట్టి పోతే నేను ఆడ కూసొని ఏం జెయ్యాలె? గల్లీల మొఖం ఎట్ల సూపియ్యాలె?" నేను ఇంకా జోరుగా ఉరికాను.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మా మాట విని తల ఎత్తింది. "మీది వరంగలా అక్కా? మాది ములుగు. ఫికర్ జెయ్యకు, ఇంకా ముయ్యలే." ఒక అట్టపెట్టె తెప్పించింది. నా భుజం మీది కొత్త తువ్వాలు పంజా చుట్టూ మెత్తగా చుట్టాం. ఆమె ట్యాగు అంటిస్తుంటే అక్క అడిగింది, "బిడ్డా, దీని పక్కపొంటి చెప్పులు పెట్టరు గద?"

"లేదక్కా, దీనికి దీని పెట్టె."

విమానంలో అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. సీటు కింద లైఫ్ జాకెట్ ఉందని, నీళ్లలో దిగితే వేసుకోవాలని ఎయిర్‌హోస్టెస్ చూపిస్తుంటే, అక్క నా చెవిలో, "ఈ పిల్ల గూడ నీ లెక్కనే చెప్తాంది. మొగులు మీద నీళ్లెక్కడియిరా?" అంది. కాసేపటికి ముందు సీటు జేబులో ఉన్న పుస్తకంలో దేశపటం తీసింది. ఊరికీ ఊరికీ మధ్య విమానాల గీతలు. నేత చూసినట్టే వేలు పెట్టి చూసుకుంటూ వచ్చి, వరంగల్ దగ్గర ఆపింది.

"పని మంచిగనే చేసిండ్రు గని, ఈడ ఒక పేక తప్పిండ్రు."

ఢిల్లీలో సామాను బెల్టు దగ్గర సూట్‌కేసు ముందే వచ్చింది, లోపల నా చెప్పులు దర్జాగా. పెట్టె రాలేదు. జనం పలచబడ్డారు. అక్క బెల్టు మూలను చూస్తూ కదలలేదు. ఇక బెల్టు ఆగుతుందనగా మా అట్టపెట్టె ఊగుతూ వచ్చింది. అక్క అక్కడే విప్పి పంజాను కళ్లకద్దుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

అయిదింటికి మేళాలో అక్క మగ్గం ముందు కూర్చుంది. పేక వేసి పంజాతో కొట్టిన మొదటి దెబ్బకే పక్క స్టాళ్లవాళ్లు తలలు తిప్పారు. ఎక్కడి నుంచి అని ఒకాయన అడిగితే, నేను నోరు తెరిచేలోపే, "వరంగల్" అంది, ఆ ఒక్క మాటను కూడా బిగించి కొట్టినట్టు.

ఇంటికొచ్చాక ఆలోచించాను. రోడ్డు, రైలు మనల్ని ఎప్పటినుంచో మోస్తున్నాయి, ఇకముందూ మోస్తాయి. కానీ తెల్లవారి కొత్తవాడలో గుడ్డలో చుట్టిన పనిముట్టు సాయంత్రానికి ఢిల్లీలో మోగడం అంటే, అది గగనం మీద వేసిన దారి పుణ్యం. మామునూరులో ఆ తప్పిన పేక కూడా పడిననాడు, మా గల్లీ మొత్తం ఎక్కుతుంది. నాకు గర్వంగా ఉంది, అక్క మీదా, దేశం మీదా. పోయేవాళ్లకు ఒక్కటే సలహా: ఇనుప పనిముట్టు ఏదైనా చేతిసంచిలో వద్దు, కౌంటర్‌లోనే ఇచ్చేయండి, పవిత్రమైనదైతే దానికి వేరే పెట్టె కట్టండి.

ఇప్పుడు నా కల్పనల లెక్క. తనిఖీ అధికారి పంజాకు సలాం కొట్టలేదు. బెల్టు దగ్గర ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఒకాయన జరగమన్నాడంతే. యాకయ్య గిరాకీ పోయినా ఫర్వాలేదనలేదు, "పోతే ఎట్ల అన్నా?" అన్నాడు. మిగతాదంతా నిజం. నమ్మకపోతే మా అక్కను అడగండి. నా మాట నమ్మకపోతే ఏమవుతుందో ఆమెకే బాగా తెలుసు.