వాకుడు పొగ

నా చిన్నప్పుడు, పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా లేస్తున్న కాలంలో, మా వాడకు పళ్ల డాక్టరు మా నాయనమ్మే. ఆమె దగ్గరున్న వైద్యం ఒక్కటే, పొగ. నిప్పుల మీద వాకుడు గింజలు చల్లి, గొట్టంతో ఆ పొగను పుచ్చుపంటికి పట్టించి, నీళ్ల గిన్నెలో ఉమ్మించేది. నీళ్లలో సన్నటి తెల్లటి పురుగులు తేలేవి. ఒక్క పంటిలో అంత పెద్ద సంసారం ఎట్లా ఇమిడిందా అని నాకు అనుమానం. నొప్పి పడేవాళ్లు మాత్రం ఆ గిన్నె చూసుకునే సగం తేరుకునేవారు.

ఒక ఎండాకాలం నాయనమ్మకే ఎడమ దవడ వాచింది. పన్ను చూపించాలంటే పట్నం పోవాలి, రోజంతా పడుతుంది. తీసుకుపోవాల్సిన మా చిన్నాయన అప్పుడే ఫ్యాక్టరీలో టెంపరరీగా చేరాడు. నాగా పెడితే మళ్లీ గేటు దాటనివ్వరని భయం. అయినా పోదామనే అన్నాడు. నాయనమ్మ ఆయన కళ్ల ముందే పొగ పట్టుకుని, పురుగులు పడ్డాయి చూడు, నువ్వు డ్యూటీకి పో అంది. ఆయన గిన్నెలోకి తొంగిచూసి, కుదుటపడి, సైకిలెక్కాడు.

అప్పటికి నా ముందుపళ్లు రాలి ఉన్నాయి. ఆమెను నవ్విద్దామని నేనూ గొట్టం అందుకుని, పన్ను లేని చోటికి పొగ పట్టి ఉమ్మాను. ఆమెకంటే నాకే ఎక్కువ పడ్డాయి.

“నాకు పండ్లే లేవు, పురుగులెక్కడియే నాయనమ్మా?”

ఆమె నవ్వబోయి దవడ పట్టుకుంది. “గవి గింజల్లయి బిడ్డా. మీ చిన్నాయనకు చెప్పకు. జెర నౌకరి నిలవడనీ.”

సాయంత్రమే చెప్పేశాను. నేనేం చెప్పినా తమాషాకే అని ఇంట్లో నాకు పేరు. చిన్నాయన నవ్వాడు. నాయనమ్మ ఇంకా గట్టిగా నవ్వి, నొప్పి పోయిందనడానికి రుజువుగా గుప్పెడు మక్కపేలాలు నోట్లో వేసుకుని నమిలింది. అన్నీ కుడివైపే.

వారం తిరగకముందే జ్వరం వచ్చి, వాపు గొంతులోకి దిగింది. అప్పుడు పట్నం పోయారు. పెద్దాసుపత్రిలో డాక్టరు, ఇన్నాళ్లు ఏం చేశారని అడిగాడట. ఆమె తిరిగి రాలేదు. దినాలు అయ్యేదాకా చిన్నాయనకు నాగాలే. చావు కోసం పెట్టిన నాగాలకు గేటు దగ్గర ఎవరూ ఒక్క మాట అనలేదట.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా నొప్పి తగ్గిందంటే నేను వాదించను. పక్కన కూర్చుని, ఏదో తమాషా చెబుతూ, చేతిలో నాలుగు పేలాలు పెడతాను. ఏ వైపు నములుతారో చూస్తాను.