స్టీరింగుకు కట్టిన అట్టముక్క

మా కారు పాతదే కానీ ఇంజను మమ్మల్ని ఎప్పుడూ రోడ్డు మీద వదిలెయ్యలేదు. ఈ వానాకాలం మొదట్లో వైపర్లు మాత్రం మొరాయించాయి. ఎడమవైపుది అద్దం దాటిపోయి పక్కనున్న రేకును టపటపా కొట్టేది. కుడివైపుది, అంటే నా కళ్ళముందు ఉండేది, సగం దాకా వచ్చి, కాసేపు ఆలోచించుకుని, వెనక్కి పోయేది. నేను నందిని గనుల కాలనీలో టీచర్ని. భిలాయి నుంచి రోజూ ఆ కారులోనే వెళ్ళి రావాలి. వానలో సున్నపురాయి లారీ ఒకటి ఎదురొచ్చిందంటే అద్దమంతా తెల్లబురదే. తల బయటపెట్టి నడుపుదామంటే కళ్ళజోడు కూడా అదే రంగుకి తిరుగుతుంది.

పవర్‌హౌస్ మార్కెట్లో మెకానిక్ అద్దం కిందున్న ప్లాస్టిక్ పట్టీ ఎత్తి చూశాడు. "దీదీ, పూరా సెట్ బదల్నా పడేగా," అన్నాడు, సెట్టంతా మార్చాలని. మోటారు బాగానే ఉందట. మోటారు నుంచి వైపర్లకు వెళ్ళే కడ్డీల కీళ్ళు అరిగిపోయాయట. ఈ మోడలు సామాను ఇప్పుడు ఎవరూ పెట్టుకోవడం లేదు, తెప్పించాలన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే మా ఆయన కుర్చీలోంచి లేచారు.

"సెట్టు మార్చడమేటి? లోపల బుష్‌లు అరిగిపోయుంటాయి. నేను చేస్తాను," అన్నారు.

ఆయన స్టీలు ప్లాంటులో, రోలింగ్ మిల్లు మెయింటెనెన్సులో ఇంజనీరు. ఎండాకాలంలో ఒకరోజు పొద్దున్నే కుడి చెయ్యి తిమ్మిరెక్కి, మాట తడబడి, ఆసుపత్రిలో చేరారు. మాట వచ్చేసింది. నడక బాగుంది. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మాత్రం పట్టు రాలేదు. అప్పట్నుంచీ సెలవులోనే ఉన్నారు. చొక్కా బొత్తాలు నేను పెడతానంటే విసుక్కుంటారు. పెట్టకపోతే పైబొత్తాం వదిలేసి తిరుగుతారు. ఆ వారంలోనే మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళాలి. వాళ్ళు సరేనంటే మళ్ళీ మిల్లులోకి, కాదంటే ఆఫీసులో టేబులు పని. ఇంటికొచ్చినవాళ్ళెవరైనా టేబులు పని అన్న మాటెత్తితే ఈయన టీవీ సౌండు పెంచేవారు. ఈ వైపర్లు తన చేత్తో బాగుచేస్తే మిల్లులోకి వెళ్ళగలననే ఆయన నమ్మకం. పైకి అనలేదు. ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు వేరే చెప్పాలా.

మర్నాడు నేను బడికి వేరే టీచరు స్కూటరు వెనక కూర్చుని వెళ్ళాను. తిరిగొచ్చేసరికి స్టీరింగుకు పురికొసతో ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద హిందీలో, ఎడంచేతి వంకర రాతతో, పని జరుగుతోంది, నడపవద్దు అని ఉంది. కింద ఆయన పేరు, తారీఖు.

ఇది ప్లాంటు మనుషుల మతం లాంటిది. యంత్రం విప్పే ముందు ట్యాగు కడతారు. కట్టిన మనిషే దాన్ని విప్పాలి, పైఆఫీసరైనా ముట్టుకోకూడదు. ఎవరో తెలియక స్విచ్చి వేస్తే లోపలున్నవాడి చెయ్యి పోతుంది కదా. షిఫ్టు అయిపోయినా పని మిగిలితే, వచ్చినవాడికి ఎదురుగా నిలబడి ఎంత అయింది, ఏది మిగిలింది నోటితో చెప్పి ఛార్జి ఇవ్వాలి. ఆయన దీన్ని ఇంట్లోనూ వదల్లేదు. పొయ్యి మీద పాలు పెట్టి ఫోను కోసం లేస్తే, "పాలు సగం కాగేయి, మంట సన్నంగా ఉంది, ఛార్జి తీసుకో," అనేవారు. తీసుకున్నానని నేను గరిట చేతిలోకి తీసుకునేదాకా కదిలేవారు కాదు. మా పెళ్ళి కొత్తలో మా అమ్మ ఇది విని, అల్లుడికి ఏదో జబ్బేమోనని భయపడింది.

వరండాలో పేపర్లు పరిచి ఆ కడ్డీలూ మోటారూ బయటపెట్టుకున్నారు. అరిగిన చోట ఇరుసు మీద ఎర్రటి తుప్పు, పక్కనే గాడి. తెలిసిన లేతు షాపులో నైలాన్ కడ్డీ నుంచి ఆ కీళ్ళలో తొడిగే కొత్త బుష్‌లు తీయించుకొచ్చారు. స్పానరు ఎడంచేత్తో పట్టుకుని, కుడి మణికట్టును దన్నుగా పెట్టి బిగించేవారు. అది ఎలాగో సాగింది. చిన్న వాషరు ఎత్తాల్సి వచ్చినప్పుడే కష్టం. అది గచ్చు మీద పడి దొర్లే చప్పుడు వంటింట్లోకి వినిపించేది. వెళ్ళి ఎత్తిస్తే కోపం. ఎత్తకుండా ఉండటం నా వల్ల కాదు. ఉల్లిపాయ తరుగుతూ కిటికీ దగ్గరకు, కిటికీ దగ్గర్నుంచి గుమ్మం దగ్గరకు, మళ్ళీ పొయ్యి దగ్గరకు తిరిగాను. పైన మబ్బు. కింద ఈయన. ఆ సాయంత్రం చారులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. ఆయన గమనించలేదు.

చివరికి అంతా బిగించేశారు. కొత్త బుష్‌లు, గ్రీజు, పైన పట్టీ, వైపర్ల చేతులు. నేను ఊపి చూశాను, ఎక్కడా లూజు లేదు. అయినా అట్టముక్క మాత్రం అలాగే ఉంది.

"ఇంకేటి మిగిలిందండీ?" అని అడిగాను.

"కొంచెం ఉంది," అన్నారు, నా వైపు చూడకుండా.

తెల్లారేసరికి కూడా ఆ కొంచెం అలాగే ఉంది. ఆయన స్నానంలో ఉన్నారు. ఆ రోజు బడిలో పరీక్ష, నాకు ఆలస్యమవుతోంది. అన్నీ బిగించేశాక ఇంకా ఈ అట్టేమిటి, పని అయిపోతే బోర్డు దగ్గరకు వెళ్ళాల్సి వస్తుందని దీన్ని సాగదీస్తున్నారు అనిపించింది. ఒళ్ళు మండింది. పురికొస తెంపి అట్ట వెనక సీట్లో పడేసి బయల్దేరాను.

ఊరు దాటి నందిని రోడ్డెక్కాక వాన మొదలైంది. వైపరు మీట నొక్కాను. కదల్లేదు. మళ్ళీ నొక్కాను. అద్దం మీద నీళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఎదుటి నుంచి లారీ హారను మాత్రం వినిపిస్తోంది. రోజూ వెళ్ళే దారి కాబట్టి గుర్తున్న మలుపునిబట్టి బండిని పక్కకు దింపి, ఒక టీకొట్టు రేకు కింద ఆపి ఆయనకు ఫోను చేశాను.

"వైపర్లు తిరగట్లేదు."

"ట్యాగు ఎవరు తీసీసేరు?"

"నేనే. అన్నీ బిగించీసేరు కదాని."

"వైపర్ల ఫ్యూజు నా జేబులో ఉంది."

"ఆ మాట నోటితో చెప్పలేరేటండీ?"

"ట్యాగు కట్టేను కదా. ఇంకా ఏటి చెప్పాల?" అన్నారు. అంతలోనే గొంతు మారింది. "నువ్వు ఎక్కడున్నావు? రోడ్డు పక్కకి దిగేవా? వాన తగ్గేదాకా కదలకు."

టీకొట్టు బల్ల మీద కూర్చున్నంతసేపూ కోపమే. ఆయన మీద కొంత, నా మీద కొంత. తర్వాత ఆ కోపంలోకి ఇంకో ఆలోచన దూరింది. అంత పని చేసిన మనిషి, గోరంత ఫ్యూజు పెట్టడానికి రాత్రంతా ఎందుకు ఆగారు? దానికి జవాబు తట్టగానే నాకు కూర్చోబుద్ధి కాలేదు. రాలేనని బడికి ఫోను చేసి, వాన తెరిపివ్వగానే ఇంటి దారి పట్టాను.

ఇల్లు చేరేసరికి మళ్ళీ వాన అందుకుంది. ఆయన గేటు దగ్గర గొడుగు కింద నిలబడి ఉన్నారు. దిగి, ఆయన చేతిలోని గొడుగు అందుకుని, తలుపు తెరిచి పట్టుకున్నాను. జేబులోంచి ఫ్యూజు ఎడంచేత్తో తీసి, కుడిచేతి వేళ్ళ మధ్య పెట్టుకుని, డ్రైవరు సీట్లో వంగి కూర్చున్నారు. ఫ్యూజుల పెట్టె స్టీరింగు కింద, కుడి మూలన ఉంటుంది. ఎడంచెయ్యి అక్కడికి తిరగదు. తీసేటప్పుడు పటకారుతో పీకేశారు. పెట్టాలంటే వేళ్ళ చివర్లతో పట్టి, పక్క ఫ్యూజుల మధ్య సందు చూసుకుని నొక్కాలి. అది జారి కాళ్ళ దగ్గరి మ్యాటు మీద పడింది. వెతికి తీసి మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ పడింది. గొడుగు పట్టుకుని నిలబడ్డ నాకు నా చేతులే నాకు శత్రువులయ్యాయి, ముందుకు పోకుండా వాటిని పట్టుకోవాల్సి వచ్చింది.

చాలాసేపటికి ఆయన ఫ్యూజును అరచేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయారు. తర్వాత కారు దిగి, వానలో నా ఎదురుగా నిలబడ్డారు. మిల్లులో షిఫ్టు మారేటప్పటి గొంతుతో చెప్పడం మొదలుపెట్టారు.

"బుష్‌లు కొత్తవి వేసేను. గ్రీజు పెట్టేను. ఎడంపక్క నట్టు వారం పోయేక ఒకసారి బిగించాలి. ట్యాగు..." వెనక సీటు తలుపు తీసి, తడిసిన అట్టముక్కను తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు. "ట్యాగు నేను తీసేను. ఫ్యూజు ఒకటీ మిగిలింది. అది నా వల్ల కాదు. ఛార్జి తీసుకో."

నాకు ఏడుపొచ్చింది. ఆ గొంతుకి జవాబు ఒక్కటే ఉంటుంది కాబట్టి అదే చెప్పాను.

"తీసుకున్నాను."

గొడుగు ఆయనకిచ్చి, నేను సీట్లోకి వంగి ఫ్యూజు నొక్కితే టక్కుమని కూర్చుంది. మీట నొక్కగానే వైపర్లు రెండూ చప్పుడు లేకుండా అద్దమంతా తుడిచి వచ్చాయి. ఆయన గొడుగు పక్కన పెట్టేసి, తడుస్తూ వాటినే చూశారు.

బోర్డుకి వెళ్ళాల్సిన రోజు పొద్దున్న కారు తాళం నా చేతికిచ్చారు. ఆ తర్వాత, నేను అడక్కుండానే, నా ముందుకొచ్చి నిలబడి గడ్డం కొంచెం పైకెత్తారు. చొక్కా పైబొత్తాం పెట్టాను.