వీరుడి కళ్లు

మేం వలసొచ్చిన స్కార్‌బరోలో మా పక్క ఫ్లాట్‌లో ఒక జపాన్ పెద్దాయన ఉండేవారు. కరాటే వీరుల బొమ్మల కథలు గీస్తూ ముసలివారయ్యారు. వీరుడి కోపం గీయాలంటే ముందు అద్దంలో తనే కళ్లెర్రజేసి చూసుకునేవారు.

"మా ఆవిడకి అద్దం కూడా అక్కర్లేదు సార్," అని నేనంటే పకపకా నవ్వేవారు.

ఎనిమిదో తరగతిలోనే బడి మానేసి, హోటల్లో వంట చేసుకునే నాకు ఆయన పెద్ద ఉద్యోగమే ఇచ్చారు. వీరుల జుట్టుకి నల్ల ఇంకు నింపాలి. కళ్లు మాత్రం ఆయనే గీయాలి, అది వాళ్ల దేశంలో బొమ్మల కథలు గీసేవాళ్ల పద్ధతి.

చివరి కథలో చివరి పేజీకొచ్చేసరికి ఆయన చెయ్యి వణకడం మొదలైంది. మూడు కాగితాలు పాడయ్యాయి. నాలుగోసారి నేను ఆయన మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. కళ్లు చక్కగా కుదిరాయి.

"చూశారా సార్, ఇద్దరం కలిస్తే ఒక కుర్రాడి చెయ్యి!" అన్నాను.

ఆయన ఆ కళ్లలోకి చాలాసేపు చూశారు. "బాగున్నాయి. కానీ ఈ వీరుడెవడో నాకు తెలీదు," అని కాగితం బోర్లించారు.

తర్వాత ఇంకు సీసాకి మూత పెట్టబోయారు. అది ఎంతకీ బిగుసుకోలేదు. సాయం చెయ్యాలో వద్దో తెలీక చేతులు కట్టుకుని నిలబడ్డాను.