చిచ్చా కత్తి నీలంగా మారిన గురువారం

ముక్కు మీద కోపం అంటారు గానీ, ఆ రోజుల్లో నా కోపానికి ముక్కు ఒక్కటి చాలేది కాదు. అన్నం మెత్తబడితే కోపం, డ్యూటీ బస్సు ఆలస్యమైతే కోపం, నాకు తెలిసిన విషయాన్ని నాకే ఎవరైనా చెబితే మరీ కోపం. అలాంటి కోపంలో ఒక గురువారం నేను చేసిన తప్పును ముందే ఒప్పుకుంటాను. చివరిదాకా దాచి మిమ్మల్ని ఊరించే అర్హత నాకు లేదు. నన్ను ఎండలోంచి నీడలోకి తెచ్చిన మనిషి కత్తిని, ఆయన్ను అడక్కుండా తీసుకెళ్ళి పాడుచేశాను.

గల్ఫ్‌లో, అల్ వక్రాలో లేబర్ క్యాంపులకు అన్నం వండి పంపే పెద్ద వంటశాల మాది. మాంసం కొట్టే పని, మేమంతా చిచ్చా అని పిలిచే పెద్దాయనది. కోరుట్లలో సొంత దుకాణం నడిపి, తర్వాత ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళుగా అదే పని చేస్తున్నాడు. నేను సైటులో ఇనుప చువ్వలు మోస్తూ మాడిపోతుంటే, మా ఇన్‌ఛార్జిని పట్టుకుని "మా దిక్కు పోరడు సార్, ఉల్లిగడ్డ మస్తు కోస్తడు" అని చెప్పి నన్ను లోపలికి లాగాడు. (నాకు అప్పటికి ఉల్లిగడ్డ కోయడం రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.) ఆయన కత్తి కంపెనీది కాదు. లారీ కమాను పట్టీని కొలిమిలో సాగగొట్టి వాళ్ళ ఊరి కమ్మరి చేసిచ్చింది. నల్లటి అలుగు, పిడికి చుట్టిన సైకిల్ ట్యూబు. రోజూ పొద్దున రాయి మీద పది నిమిషాలు నూరేవాడు. మా వంటశాలలో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరి కత్తిని ఇంకొకరు ముట్టరు. ఎప్పుడైనా ఇవ్వాల్సి వస్తే చేతికివ్వరు, చెక్క మీద పెడతారు, అవతలివాడు తీసుకుంటాడు. చేతికిస్తే తగవొస్తుందని నమ్మకం. (తగవు తెచ్చుకోవడానికి నాకు కత్తి కూడా అక్కర్లేదు, అది వేరే సంగతి.)

ఇంతలో ఫోనులో కత్తుల వీడియోలు చూడటం నాకు పట్టుకుంది. నెల తిరిగేసరికి ఉక్కు రకాలన్నీ నోటికొచ్చాయి. చివరికి ఒక శుక్రవారం అల్ సద్ వెళ్ళి, పొడిగా చేసిన ఉక్కును మళ్ళీ ముద్ద చేసి తయారుచేస్తారట, అలాంటి కత్తి ఒకటి కొన్నాను. ధర చెప్పను. ఇంట్లో ఇప్పటికీ తెలియదు. మర్నాటి నుంచి చిచ్చాకు పాఠాలు మొదలుపెట్టాను.

"ఉక్కుకు మూడు గుణాలు చిచ్చా. పదును నిలవాలె, దెబ్బకు ఓర్వాలె, నూరితే తొందరగ పదునెక్కాలె."

"మూడూ ఒక్కదాంట్ల ఉంటయా బేటా?"

"పైసలు పెడితే ఉంటయి."

(ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గుతుందని ఆ వీడియోలోనే చెప్పారు. ఆ ముక్క వచ్చేసరికి నేను నిద్రపోయి ఉంటాను.)

పోటీ పెట్టాను. బుధవారం ఉల్లిగడ్డలు. చిచ్చా మధ్యలో రెండుసార్లు లేచి రాయి దగ్గరికి వెళ్ళాడు, నేను బస్తాలన్నీ ఒకే పదునుతో కోసేశాను. ఆ పూట నా నడక మీరు చూసి ఉండాల్సింది. గురువారం పొద్దున చేపలు. ఫ్రీజర్‌లోంచి తీసిన వంజరం, రాయిలా ఉంది. చిచ్చా కత్తి వెన్నెముక మీద పడి ముక్క చేసింది, అంచు కొంచెం వంగింది, రాయి మీద నాలుగుసార్లు గీస్తే సర్దుకుంది. నా కత్తి పడింది, టక్కుమంది. అంచులో మూడు చోట్ల ఉక్కు రాలిపోయింది.

"స్టీల్ సార్, కత్తి కొన్నవా, రంపం కొన్నవా?" అన్నాడు కూరగాయల దగ్గరివాడు. వంటశాలంతా నవ్వింది. చిచ్చా ఒక్కడే నవ్వలేదు. "నూరుకో బేటా, రాయి ఆడుంది" అన్నాడు. నవ్వినా బాగుండేది. ఆ జాలికి నా ఒళ్ళు మండిపోయింది. తిండి కూడా మానేసి గంటసేపు నూరాను. రాయి అరిగింది, కత్తి అరగలేదు. అంత గట్టి ఉక్కుకు వజ్రపు పొడి అద్దిన పలక కావాలట. ఆ సంగతీ తర్వాతే తెలిసింది.

మధ్యాహ్నం చిచ్చా నమాజుకు వెళ్ళాడు. వెనక మరమ్మతుల షెడ్డులో కరెంటు సానరాయి ఉంది. నా కత్తిని దాని మీద పెడదామని వెళ్ళి, అడుగు దూరంలో ఆగాను. చెడిపోతే? ఖరీదైనది కదా. వెనక్కి వచ్చి చిచ్చా కత్తి తీసుకెళ్ళాను. ముందు దీని మీద చూసి, బాగా వస్తే నాది పెడదామని. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నిప్పురవ్వలు ఎగిరాయి. అంచు పసుపయింది, గోధుమ రంగయింది, తర్వాత చక్కటి నీలమయింది. మెరుగు వచ్చిందనుకుని సంతోషించాను కూడా.

ఇంతలో మర్నాటి శుక్రవారం బిర్యానీకి మేకలు దిగాయి. చిచ్చా నమాజు నుంచి తిరిగొచ్చి కత్తి తీశాడు. మూడో కోతకే అంచు రేకులా మడతపడింది. వెలుతురులో పెట్టి చూశాడు.

"మిషన్ మీద ఎవరు పెట్టిండ్రు?"

"నేనే చిచ్చా. పదును చేద్దామని."

"నీ కత్తి ఎందుకు పెట్టలే?"

అబద్ధం దొరకలేదు. "అది ఖరీదుది" అన్నాను.

చిచ్చా ముఖం ఎర్రబడింది. ఆయనకు కోపం రావడం నేను చూడటం అదే మొదలు. "శాబాష్. ఎండల మాడెటోన్ని తెచ్చి నీడల నిలబెడితే, నాది కాల్చి నీది కాపాడుకున్నవ్. ఉక్కు చదివినవ్ గని బుద్ధి చదవలే. నా చెక్క దిక్కు రాకు."

నోరు మూసుకోవాల్సింది. "ఇనుప ముక్కకు ఇంత లొల్లా" అన్నాను. ఆయన నల్ల కత్తిని పక్కకు జరిపాడు. కంపెనీ ప్లాస్టిక్ పిడి కత్తి తీసుకుని ఎనిమిది మేకలూ కొట్టాడు. మధ్యమధ్యలో ఆయన చెయ్యి దానంతటదే చెక్క మీద కుడి మూలకు, ఆ నల్ల కత్తి ఉండే చోటుకు వెళ్ళి, ఖాళీగా తిరిగి వచ్చేది. అది చూస్తూ చూస్తూ, ఇంతసేపూ ఊరి మీద పడిన నా కోపం మెల్లగా ఇంటికొచ్చింది.

మా ఊరి కమ్మరి తాతకు ఫోన్ చేశాను. "దుబాయ్‌ల కొలిమి లేదారా?" అన్నాడు. (ఆయనకు సముద్రం అవతలున్నదంతా దుబాయే.) సంగతంతా విని తిట్టాల్సినంత తిట్టి, "మిషన్ వేడికి అంచు కాలి మెత్తబడ్డది గంతే. కాలినంత మేర అరగదియ్యాలె, చేతితోటి, నీళ్ళు పోసుకుంట. కోపంగున్న రోజు నూరకు, వంకర పోతది" అన్నాడు.

చిచ్చా ఆ కత్తిని గోనెసంచిలో చుట్టి పక్కన పడేశాడు. ఈసారి అడిగాను. ఆయన దాన్ని చెక్క మీద పెట్టి అటు తిరిగాడు. రోజూ డ్యూటీ అయ్యాక బస్సు వచ్చేలోగా నూరేవాణ్ణి. కోపంగా ఉన్న రోజు మానేద్దామనుకున్నాను గానీ, అలాగైతే ఆ పని ఎన్నటికీ తెమలదు. కాబట్టి కోపాన్నే మానాల్సి వచ్చింది. నెల దాటాక నీలం పోయింది, దాంతోపాటు వేలు వెడల్పు అలుగూ పోయింది. చెక్క మీద కుడి మూలన పెట్టి నిలబడ్డాను.

చిచ్చా దాంతో ఒక మేక తొడ కోశాడు. కత్తి ఆగలేదు.

"సన్నగైంది" అన్నాడు.

"అవును చిచ్చా. తప్పయింది."

"నువ్వు గూడ సన్నగైనవ్. అన్నం తిను." కత్తి తుడిచి నా వైపు చెక్క మీద పెట్టాడు. "రేపటికెల్లి రోజు నువ్వే నూరు."

ఆయన కోరుట్ల వెళ్ళిపోయేదాకా రోజూ నేనే నూరాను. ఇప్పుడు మదీనత్ ఖలీఫాలో ఒక ఇంట్లో వంట చేస్తున్నాను. నా ఖరీదైన కత్తి అంచులో మూడు నొక్కులతోనే పెట్టెలో ఉంది. వజ్రపు పలక ఎప్పుడో కొన్నాను, బాగు చేయొచ్చు, చేయను. అప్పుడప్పుడు తీసి చూస్తే, షెడ్డులో నీలం రంగు చూసి మురిసిపోతున్న ఆ మూర్ఖుడు కనిపిస్తాడు. పాపం, వాడి మీద కూడా ఇప్పుడు కోపం రావడం లేదు.