పైలం మహారాజు కట్టించిన ఖిల్లాలు

గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన మా సూపరింటెండెంటు గారికి ఈ రోజు పాత కోటలు చూడాలని బుద్ధి పుట్టింది. కరీంనగర్‌లో టాక్సీ మాట్లాడి నేనే వెంట వెళ్లాను. వచ్చిన రోజు నుంచీ "మీది అసలు తెలుగేనా?" అని నన్ను వేపుకు తింటున్న మనిషి ఈయనే.

కోటలు చూపించింది డ్రైవర్ యాదగిరి. ఎలగందుల కోట మెట్ల దగ్గర "పైలం సార్!" అన్నాడు. బీటలువారిన గోడ దగ్గరా అదే మాట. జగిత్యాల బురుజు ఎక్కుతుంటే మళ్లీ అదే.

సారు నా చెవిలో అడిగారు: "ఈ పైలం ఎవరయ్యా? రెండు కోటలూ ఆయనే కట్టించాడా?"

మా దగ్గర పైలం అంటే జాగ్రత్త అని. చెప్పేవాణ్ణే, కానీ నాది తెలుగు కాదు కదా! "అవును సార్, పెద్ద రాజు" అన్నాను.

దిగేటప్పుడు యాదగిరి "పైలం, పైలం!" అని అరిచాడు. ఏ గోడ చూపిస్తున్నాడో అని సారు వెనక్కి తిరిగి, కాలు జారి మెట్ల మీద కూలబడ్డారు.

"పైలం అని మొత్తుకుంటున్న గద సార్, ఇనకపోతిరి!"

"ఏడిశాడు మీ పైలం! మెట్లు కట్టించడం కూడా చేతకాలేదు."

రేపు ఆయన నడుము పట్టుకుని ఆఫీసు మెట్లెక్కుతుంటే నేనేమనాలో మీరే చెప్పండి.