బార్సూరులో నేను చదవని శాసనం

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు మోశాను. పొరపాటున నోరు జారిన మాట కాదు, తెలిసే ఆడాను. మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. దేవుడి ముందు కూడా దాన్ని పక్కకు నెట్టి మిగతావన్నీ చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పెళ్లయి పలాస వైపు నుంచి రాష్ట్రం దాటి, అడవుల మధ్య ఉన్న బచేలీ వచ్చాను. ఆయనకు అక్కడి ఇనుప గనిలో ఉద్యోగం. నాకు హిందీ ముక్క రాదు. సంతలో వంకాయలు అడిగినా నవ్వేవాళ్లు. మా ఊళ్లో పదో తరగతి ఫస్టున పాసైనదాన్ని, ఇక్కడ మూగదాన్నయిపోయాను. నాకు కాస్త పొగరు ఎక్కువే, ఆ నవ్వులు భరించలేకపోయేదాన్ని. నా తప్పుకు మూలం అక్కడుందని చెబుతున్నాను తప్ప సాకు వెతకడం లేదు. లేక వెతుకుతున్నానా?

ఒక ఆదివారం ఆయన నన్ను స్కూటర్ మీద బార్సూరు తీసుకెళ్లారు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్నేలిన రాజుల రాజధాని. ఇప్పుడు పొలాలు, చెరువులు, ఇప్పచెట్లు, వాటి మధ్య రాతి గుళ్లు. ముందుగా ముప్పై రెండు స్తంభాల మండపంలోకి వెళ్లాం. ఎండలోంచి అడుగు పెట్టగానే రాతి చల్లదనం అరికాళ్లలోంచి పైకెక్కింది. గర్భగుళ్లు రెండు, శివలింగాలు రెండు, నందులు రెండు. చెయ్యి వేసి తోస్తే శివలింగం మెల్లగా తిరిగింది. అంత బరువు రాయి, నా చేతి కింద. వెయ్యేళ్ల కిందట దీన్ని మొదట తోసి చూసిన చెయ్యి ఎవరిదో అనుకుంటూ ఇంకోసారి తోశాను. తర్వాత మనిషికన్నా ఎత్తున్న వినాయకుడి ముందు ఇద్దరం చేతులు జోడించి నిలబడ్డాం.

స్కూటర్ దగ్గరికి నడుస్తూ మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే, చెరువుగట్టు మీద నుంచి ఒక అమ్మాయి పరుగున వచ్చింది. "తెలుగోళ్లా మీరు?" అంది. పేరు సమ్మక్క. పుట్టిల్లు తెలుగు సరిహద్దున ఎర్రబోరు దగ్గర, ఇక్కడికి కోడలిగా వచ్చింది. చాన్నాళ్లకు తన భాష వినపడేసరికి మొహం వెలిగిపోయింది. నాదీ అంతే. వాళ్ల పొలంలో ఒక రాతపలక ఉందట. ఎవరో వచ్చి ఫొటోలు తీసుకుని, ఇది తెలుగేనని చెప్పి పోయారట. తనకు చదువు రాదు కదా, వచ్చి చూడమని నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

పొలం గట్టుకు ఆనించి ఉంది ఆ రాయి. పైన పసుపు, కుంకుమ. వంగి చూశాను. గుండ్రటి అక్షరాలు వరసగా. ఒకటి 'ర'లా ఉంది, ఇంకొకటి 'న' కావచ్చు. నేను వంకాయలు కూడా అడగలేకపోతున్న ఈ అడవి దేశంలో, నాకంటే వందల ఏళ్లు ముందే నా భాష వచ్చి కూర్చుని ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతవరకూ నాలో ఉన్నదంతా నిజమే.

"చదువక్కా, ఏం రాసిండ్రు?" అంది సమ్మక్క. ఆమె అత్త కూడా వచ్చి నిలబడింది. ఆమెకు ఇక్కడివాళ్ల హల్బీ భాష తప్ప రాదు. మా ఆయన నా వైపు గర్వంగా చూస్తున్నారు. ఆ పాత లిపిలో నాకు ఒక్క మాట కూడా తెలియలేదు. తెలియడం లేదని చెప్పడానికి ఎంతసేపు? కానీ ఇక్కడికొచ్చాక మొదటిసారి నలుగురు నా నోటి వైపు చూస్తున్నారు. శాసనాల చివర శాపం ఉంటుందని బడిలో చెప్పిన సంగతి గుర్తొచ్చింది. అక్షరాల మీద వేలు పోనిస్తూ, "ఇది దేవుడికిచ్చిన నేల. ఈ రాయిని కదిలించినవాళ్ల వంశం నిలవదు" అన్నాను. భయముంటే ఎవరూ ముట్టుకోరు, రాయికి మంచే చేస్తున్నానని నన్ను నేను సమాధానపరచుకున్నాను.

అత్త ఏదో అడిగింది. సమ్మక్క హల్బీలో చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. అక్కడ రెండు భాషలూ తెలిసింది ఆమె ఒక్కదానికే. దేవుడు చల్లగా చూస్తాడని రాసుంది అన్నా చెల్లిపోయేది, అడిగేవాళ్లు లేరు. ఆమె కాసేపు రాయినే చూసి, మిగిలింది కూడా చెప్పేసింది. అత్త నేల మీద కూలబడింది.

"ఇది పొలం నడిమిట్ల ఉండె అక్కా" అంది సమ్మక్క నాతో. "నాగలికి తగుల్తుందని పోయిన వానల్ల నేనే జరిపించిన. చలికాలంల జొరమొచ్చి నా బిడ్డ పోయింది."

నోట మాట రాలేదని రాస్తే అదీ అబద్ధమే. మాట గొంతు దాకా వచ్చింది. మా ఆయన ముందు, ఆ అత్త ముందు, నాకు చదవడం రాదని ఒప్పుకోవాలి. మింగేశాను. బిడ్డ పోయిన తల్లి కన్నా నా పరువు నాకు ఎక్కువైంది. దారంతా ఆయన నన్ను మెచ్చుకుంటూనే ఉన్నారు. క్వార్టర్లలో అందరికీ చెప్పారు. నేను కాదనలేదు.

పిల్లలు పెద్దవాళ్లయ్యారు. నాకు హిందీ వచ్చింది, హల్బీ కూడా కొంత అర్థమవుతోంది. కిందటి చలికాలం ఒక్కదాన్నే బస్సెక్కి బార్సూరు వెళ్లాను. రాయిని మళ్లీ పొలం మధ్యకు చేర్చారు. చుట్టూ నేల దున్నకుండా వదిలేశారు. సమ్మక్క జుట్టు నెరిసింది. నన్ను చూడగానే పోల్చుకుని, కూర్చోబెట్టి టీ ఇచ్చింది. మళ్లీ పిల్లలు పుట్టలేదని తనే చెప్పింది. విత్తులు చల్లే ముందు ఊళ్లో చేసే విత్తనాల పండుగకు, శాపం తగిలినదని తనను విత్తనం ముట్టనివ్వరట. అంతా చెప్పి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, ఆ దినం చివరిదాంక చదివినవా? దానికి ఇరుగుడు ఏమన్న రాసుందా? ఇంకోసారి చూసి చెప్పు."

ఆమె చేతులు పట్టుకున్నాను. "నాకు ఆ రాత చదవడం రాదు సమ్మక్కా. ఆ రోజు కల్పించి చెప్పాను. నీ తప్పేమీ లేదు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "రాదంటవేందక్కా. ఏలు పెట్టి చదువుతుంటె చూసిన గదా" అంది. "నా మీద జాలితో అట్లంటున్నవ్. ఇరుగుడు లేకుంటె లేదని చెప్పు, ఏం గాదు."

ఎన్ని విధాల చెప్పినా నమ్మలేదు. పైగా నా కళ్లు తుడిచింది. లోపలి నుంచి ముసలి అత్త, నేనేమంటున్నానని కేకేసి అడిగింది. సమ్మక్క హల్బీలో బదులిచ్చింది. ఈసారి నాకు అర్థమైంది. విరుగుడేమీ రాయలేదట, అంది.

ఆ రాయి మీద నిజంగా ఏముందో నాకిప్పటికీ తెలియదు. ఎవరో రాణి చేసిన దానమో, ఏ చెరువు పేరో. నేను చదవలేదు, నాకు రాదు. ఆ పొలంలో ఆ రోజే అనాల్సిన మాట ఇది. మీతో అన్నాక నాకు ఊపిరి కాస్త ఆడుతోంది. ఈ విత్తనాల పండుగకు కూడా ఆమె దూరంగానే నిలబడుతుంది.